మూడింటికి ఆగే మిషన్

మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి పీణ్య పారిశ్రామికవాడలోని ఫ్యాక్టరీలో నా పక్క మిషన్ ఆగేది. కంపెనీ బేస్‌బాల్ జట్టులో ఆడేందుకు ఉద్యోగంలోకి తీసుకున్న కుర్రాడు దాన్ని ఆపి, గ్లవ్‌ను టిఫిన్ సంచిలో దాచుకుని, తలవంచుకుని ప్రాక్టీసుకు వెళ్ళేవాడు.

"ఏమప్పా, ఆడుకునేదానికి జీతమా?" అని నవ్వేవాళ్ళం.

"నా పని మీమీద పడతా ఉండాదన్నా, సిగ్గయితాది," అని నాతో గొణిగేవాడు.

ఒక మ్యాచ్‌లో రెండో బేస్ దగ్గర నేలమీద పడి బంతినాపి, మోకాళ్ళ మీదినుంచే విసిరి, పరుగెత్తేవాణ్ణి ఔట్ చేసి కంపెనీ జట్టును గెలిపించాడు. మేం చప్పట్లు కొడుతుంటే, మోచేతి నెత్తురు తుడుచుకుంటూ మావైపు చూడలేదు.

తర్వాత జట్టును రద్దు చేశారు. ఆ రోజు ఐదింటిదాకా పనిచేసి, మొదటిసారి మాతో టీ తాగాడు.

"ఇంక నేనూ మీలో ఒకడినే గదన్నా?"



అతను ఫ్యాక్టరీ వదిలి పోయి చాలాకాలమైంది. ఆ కంపెనీ ఇప్పుడు ఆటగాళ్ళను ఉద్యోగంలోకి తీసుకోవడం లేదు.