మొగ్గలు రాల్చే మనిషి

విమానాశ్రయం వచ్చిన నాలుగేళ్లకు శంషాబాద్ పక్కన వెలసిన ఒక ప్లాట్ల వెంచరుకు బుచ్చయ్య కాపలాదారు. తెల్లారగానే దారి పక్కన ఆఫ్రికన్ తులిప్ చెట్ల కింద గొంతుక్కూర్చుని, రాలిన ఎర్రటి పూలను ఒక్కొక్కటే అరచేతిలో బోర్లిస్తాడు. దొప్పల్లాంటి ఆ పూలలో నిలిచిన నీళ్లతో పాటు చచ్చిన తేనెటీగలు జారిపడతాయి. అవి అతని గది వెనక పెట్టెల్లోవే. రాజేంద్రనగర్‌లో తేనెటీగల పెంపకం నేర్చుకుని రెండు పెట్టెలు తెచ్చుకున్నాడు. ఆ పూల తేనె ఈగలకు విషం; ఒక పెట్టె అప్పటికే ఖాళీ అయింది. అందుకే ఆ ఆదివారం దోటి పట్టి, పువ్వు విచ్చకముందే మొగ్గలు రాల్చడం మొదలుపెట్టాడు. పులిగోళ్లలా వంగిన మొగ్గలు కిందపడి చిట్లుతుంటే లోపలి నీళ్లు అతని కాళ్ల మీద చిమ్ముతున్నాయి. సగం వరస అయ్యేసరికి వెంచరు యజమాని నరసరాజు కారు వచ్చి ఆగింది.

“ఏం చేస్తున్నావయ్యా? కాసేపట్లో కొనేవాళ్లొస్తారు. ఈ పూలు చూసే కదా ఇక్కడ ఆగేది!”

“నా ఈగలన్నీ గీ పూలల్లనే సస్తున్నయ్ సారూ. జర సూడుండ్రి,” అంటూ బుచ్చయ్య చెయ్యి చాపాడు. రాలిన పువ్వొకటి అరచేతిలో బోర్లిస్తే రెండు చచ్చిన ఈగలు పడ్డాయి.

నరసరాజు అందులోకి చూశాడు. తర్వాత రోడ్డు వైపు చూశాడు.

“పెట్టెలు తీసెయ్. ఇంకో మొగ్గ రాలిందంటే నువ్వూ వెళ్లిపోవాలి.”

బుచ్చయ్య దోటి కింద పెట్టి తల పైకెత్తాడు. దోటి అందని కొమ్మల చివర పూలు గుత్తులు గుత్తులుగా విచ్చుకుని ఉన్నాయి. మిగిలిన ఒక్క పెట్టె దగ్గర చప్పుడు లేదు. మోతంతా ఆ పూలలోంచే వస్తోంది.