రొయ్య కన్నూ, రేకుల షెడ్డు తాళమూ

మాలకొండమ్మ పద్నాలుగేళ్లు రొయ్యల కళ్లు తీసింది. ఈ మాట వినగానే ఛీ అనేవాళ్లు ఉంటారు. నా కోపం వాళ్ల మీద. ఆమె మీద కాదు.

మా నెల్లూరు సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలు చాలా ఉన్నాయి. అందులో ఒకదాంట్లో నేను ల్యాబులో పనిచేసేదాన్ని. నా పేరు షాహీనా. మాలకొండమ్మది ఆ పక్కనే, చేపలు పట్టేవాళ్ల పట్టపుపాలెం. బోటు ఇంజనులో పడి మొగుడి కాలు పోయినాక హేచరీలో చేరింది. తల్లిరొయ్య తొందరగా గుడ్లు పెట్టాలంటే దాని కన్ను ఒకటి తీసేస్తారు. కాల్చిన పటకారుతో కంటి కాడను నొక్కేయడమే. మత్తూ గిత్తూ ఏమీ ఉండదు. ఆ పని ఆమెకి అప్పజెప్పినారు.

"మొదటి రోజు అన్నం ముద్ద గొంతు దిగలేదు పాపా," అనింది నాతో ఒకసారి. "దానికి నొప్పి తెలవదంటాడు మేనేజరు. తెలవకపోతే చేతిలో అట్టా ఎందుకు కొట్టుకుంటాది?"

హేచరీ వెనక ఒక రేకుల షెడ్డు. ఒడిశా నుంచి వచ్చిన పదకొండుమంది ఆడపిల్లలు అందులో ఉండేవాళ్లు. పొద్దస్తమానం ట్యాంకులు కడిగి కడిగి, బ్లీచింగు నీళ్లకి వేళ్ల సందులు పచ్చిపుండ్లు. సాయంత్రం ఆరు కొట్టగానే షెడ్డుకి బయటినుంచి తాళం. వాళ్ల ఫోన్లూ ఆధార్ కార్డులూ ఆఫీసు బీరువాలో.

"వాళ్ల మంచికేనమ్మా, ఆడపిల్లలు గదా," అనేవాడు మేనేజర్ ముఖేష్.

నమ్మినట్టు తలాడించినాను. ఆ తలాడింపు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

కిందటేడు, కళ్లు తీసిన తల్లిరొయ్యల వీడియో ఒకటి ఫోన్లలో తిరిగింది. మా సరుకు కొనే విదేశీ దుకాణాలవాళ్లు ఇట్టా అయితే కొనమన్నారు. జనం ఏడుపు బొమ్మలు పెట్టి మరీ పంపుకున్నారు. మా ఓనరు హడలిపోయినాడు. తనిఖీకి వస్తున్నారనగానే పటకార్లు దాచేసి, రెండు కళ్లూ ఉన్న రొయ్యల్ని తెప్పించి ముందు ట్యాంకుల్లో పోయించినాడు.

తనిఖీకి ఒక విదేశీ ఆవిడ వచ్చింది. ఇంగ్లీషు వచ్చునని నన్ను పక్కన నిలబెట్టినారు. నీళ్ల వేడి చూసింది, రొయ్యని నీళ్లలోంచి తీస్తే ఎంతసేపు బయట ఉంచుతారని అడిగింది. మంచి ప్రశ్నలే, అబద్ధం చెప్పను. తర్వాత మాలకొండమ్మ దగ్గర ఆగి, ఇక్కడ కళ్లు తీస్తారేమో ఈమెని అడుగు అంది.

వెనకనుంచి ముఖేష్ వద్దని చెయ్యి ఊపుతున్నాడు.

"తీసినాం," అంది మాలకొండమ్మ. "మొన్న బుధవారం దాకా నేనే తీసినా. పటకార్లు జనరేటరు గదిలో ఉండాయి, పోయి చూసుకోమను. ఇంకో మాట కూడా చెప్పు పాపా. వెనక షెడ్డులో ఆడపిల్లల్ని పెట్టి సాయంత్రమైతే తాళమేస్తా ఉండారు. రమ్మను, చూపిస్తా."

మొదటి మాట గడగడా చెప్పేసినాను. రెండో మాట దగ్గర వెనక్కి తిరిగి చూసినాను. ముఖేష్ నన్నే చూస్తున్నాడు.

"చెప్పవేమ్మే?" అని గదిమింది మాలకొండమ్మ.

చెప్పినాను. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని, "చాలా బాధగా ఉంది. కానీ మా తనిఖీ జంతువుల గురించి. పనివాళ్ల సంగతి వేరే సంస్థ చూస్తుంది, దానికి వేరే ఫారం ఉంది," అంది. అదే తెలుగులో చెప్పినాను. మాలకొండమ్మ కళ్లు ఎర్రబడినాయి.

"రొయ్యకి ఫారం ఉందా? ఉండాల. ఆ పాపం ఈ చేతుల్తోనే చేసినా, నాకు తెలుసు దాని బాధ. పదకొండుమంది ఆడపిల్లలు ఇరవై అడుగుల దూరంలో ఉంటే ఆయమ్మ కాయితంలో చోటు లేదా? లేకపోతే కాయితం వెనక్కి తిప్పి రాయమను!"

ఆవిడ రాయలేదు. టైం చూసుకుని కారెక్కింది.

ఆ సాయంత్రమే మాలకొండమ్మని పనిలోకి రావద్దన్నారు. కొనేవాళ్ల భయానికి కళ్లు తీయడం మటుకు నిజంగానే ఆగింది, అందుకు సంతోషం. వారం తిరక్కుండా పేపర్లో ముఖేష్ ఫోటో పడింది, మూగజీవాలకి మేలు చేసిన హేచరీ అని. ఫోటోలో అతని వెనక రేకుల షెడ్డు తేటగా కనిపిస్తా ఉంది. దాని గురించి ఒక్క అక్షరం లేదు. ఆ పేపరు ఉండచుట్టి గోడకేసి కొట్టినాను.

మర్నాడు మాలకొండమ్మ గూడూరులో మా ఇల్లు వెతుక్కుంటా వచ్చింది.

"కలెక్టరాఫీసులో అర్జీ ఇద్దాం. రాసేది నువ్వు, వేలిముద్ర నాది. నీ పేరు ఏడా రానీయను."

"నా పేరూ రాస్తానక్కా," అన్నాను. రాసినాను. నా ఉద్యోగమూ పోయింది.

అధికారులు కదలడానికి మూడు వారాలు పట్టింది. వాళ్లు వచ్చేసరికి ఆరుగురు పిల్లల్ని వేరే ఎక్కడికో తరలించేసినారు. మిగిలిన ఐదుగురికీ కార్డులూ ఫోన్లూ ఇప్పించి, గూడూరు స్టేషన్లో రైలెక్కించింది మాలకొండమ్మే. ఆ ఆరుగురు ఎక్కడున్నారంటే, పని మానేసి వాళ్లే పొయ్యినారంటాడు ముఖేష్. వాళ్ల కార్డులు ఆ బీరువాలోనే ఉన్నాయి. కార్డులు వదిలేసి ఎవరు పోతారు?

ఇప్పుడు మాలకొండమ్మ గంపతో చేపలమ్ముతుంది. అర్జీలు చూసే సోమవారం మాత్రం గంప దించేసి, నాతో కలిసి నెల్లూరు బస్సెక్కుతుంది. విచారణ జరుగుతోందమ్మా, పైకి పంపినామమ్మా అంటాడు కలెక్టరాఫీసు గుమాస్తా. ఆమె కుర్చీలో కూర్చోదు, కౌంటరు వదలదు.

"పైకి పంపింది సరే సామీ. ఆ ఆరు పేర్లూ బయటికి చదువు," అంటుంది.

అతను విసుక్కుంటాడు. లైనులో వెనకున్నవాళ్లు గొణుగుతారు. పేర్లన్నీ చదివిందాకా ఆమె అక్కణ్ణించి కదలదు.