మాచర్లలో రంగం పంతులమ్మ

రంగూన్‌లో పుట్టి పెరిగిన నాకు, తెలుగు బాగా వచ్చునని ఒక గర్వం ఉండేది. మా వీధిలోని తెలుగు పిల్లలంతా బర్మా మాటలు కలిపి మాట్లాడుతుంటే, వాళ్ళ తప్పులు దిద్దే పని నేనే మీదేసుకున్నాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా నాయనమ్మ దగ్గర మాటలు నేర్చుకున్నాను, చర్చిలో బైబిలు చదివి రాత నేర్చుకున్నాను. ఈ రెండూ కలిస్తే తెలుగు పూర్తయినట్టేనని నా నమ్మకం. అందుకే అరవైల నడుమ నాన్న ఉద్యోగం పోయి ఓడెక్కినప్పుడు, ఇంట్లో అందరూ ఏడుస్తుంటే నేనే ధైర్యం చెప్పాను. "మన భాష మాట్లాడే చోటికేగా వెళ్తున్నాం, భయమెందుకు?" అన్నాను.

అమ్మానాన్నలు విశాఖపట్నంలో మేనత్త ఇంట ఆగిపోయారు. నాకు మాచర్లలో ఒక మిషన్ బళ్ళో టీచరు పని దొరికింది. గుంటూరులో ఎక్కిన రైలుకు మాచర్లే ఆఖరు. నేను అద్దెకు తీసుకున్న గదికి గోడలు నాపరాళ్ళు, కప్పు నాపరాళ్ళు, అలమర అరలు కూడా నాపరాళ్ళే. పగలంతా తాగిన ఎండను సాయంత్రానికి ఆ గది నా మీదికి వదిలేది.

మా అమ్మ నేర్పిన మర్యాదలు మూడు. ఎదురైన వాళ్ళను చూసి నవ్వాలి. ఇంటి తలుపు వేసి ఉంచుకోవాలి. ఇరుగుపొరుగును ఏదీ అడగకూడదు. మాచర్లలో ఈ మూడింటినీ నిష్ఠగా పాటించాను. వీధిలో ఆడవాళ్ళు "జీతమెంత? పెళ్ళెందుకు కాలా? కూరేం వండావు?" అని మొహం మీదే అడిగేవారు. అయ్యో, పాపం వీళ్ళకు మర్యాద తెలియదనుకుని, జవాబు చెప్పకుండా నవ్వి, లోపలికి పోయి తలుపు వేసుకునేదాన్ని. ఇలా చేస్తూ ఉంటే వాళ్ళకే నా మీద గౌరవం పుట్టి స్నేహానికి వస్తారని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఈ పంతులమ్మకు కాస్త మతి చెడిందని వీధిలో అప్పటికే తేల్చేసుకున్నారట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మొదట నా గడప తొక్కింది పక్కింటావిడ. స్నేహానికి కాదు, పోట్లాటకు. ఆవిడ భర్త రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. కూతురు నా క్లాసులోనే చదివేది. ఒకరోజు ఆ పిల్ల లెక్కలన్నీ సరిగ్గా చేస్తే సంతోషం పట్టలేక, క్లాసందరి ముందు "ఈ గుంట చాలా మంచిది" అన్నాను. క్లాసు ఘొల్లుమంది. పిల్ల ఏడుస్తూ ఇంటికి పోయింది. సాయంత్రం తల్లి వచ్చింది.

"ఏందమ్మా, మా పిల్లని గుంటన్నావంట? ఏ గుంట? చెత్తేసే గుంటా, మురికి గుంటా?"

భయం వేసినా నవ్వడమే నాకు అలవాటు. నవ్వాను.

"పైగా నవ్వుతావేంది?"

"మావైపు గుంటంటే ఆడపిల్లండి. ముద్దుగా అంటారు" అన్నాను.

"మీవైపంటే ఏడ?"

"రంగూన్‌లో."

"రంగంలోనా?" మా నాయనమ్మ కూడా రంగూన్‌ను రంగమనే అనేది. ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. కానీ ఆవిడ చల్లబడలేదు. "అయితే ఆ ముద్దేదో రంగంలోనే పెట్టుకో. మా పిల్లని పిల్లా అని పిలువు చాలు" అని వెళ్ళిపోయింది.

మా నాయనమ్మ భాష ఇక్కడ గోతిలో పడేసింది కాబట్టి, ఈసారి పుస్తకాల భాషను నమ్ముకున్నాను. శనివారం సాయంత్రం వీధిలో వాళ్ళందరినీ టీకి పిలవాలని నిశ్చయించాను. నోటితో పిలిస్తే మళ్ళీ ఏం తప్పు దొర్లుతుందోనని చీటీలు రాసి పిల్లలతో పంపాను. బడికి వచ్చే సర్క్యులర్లు చూసి చూసి, ఒక గంభీరమైన వాక్యం తయారుచేశాను. "శనివారం సాయంత్రం ఐదు గంటలకు తమరు కుటుంబ సమేతముగా నా గృహమునకు తప్పక హాజరు కావలసినదిగా కోరడమైనది." కింద పొడుగ్గా సంతకం. రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

శనివారం పొద్దున్నించీ పని. బొంబాయి రవ్వను కొబ్బరిపాలలో చక్కెరతో ఉడికించి, పైన గసగసాలు చల్లి, పళ్ళెం కిందా మీదా నిప్పులు పెట్టి కాల్చే మిఠాయి ఒకటి రంగూన్‌లో చేసేవాళ్ళం. అది పెద్ద పళ్ళెం నిండా చేశాను. ఐదు దాటింది. ఆరు కావచ్చింది. వీధిలో మాటలు వినిపిస్తున్నాయి గానీ నా గుమ్మం వైపు ఒక్కరూ చూడటం లేదు. టీ చల్లారిపోయింది. తలుపు వేసుకుని, మిఠాయిలో ఒక మూల ముక్క కోసుకుని తింటూ ఏడ్చాను. చాలా బాగా కుదిరింది. అందుకు ఇంకా ఏడుపొచ్చింది.

కాసేపటికి తలుపు దబదబా బాదారు. పక్కింటావిడ.

"దీపాలేళ తలుపేసుకుని ఏడుస్తన్నావేంది? జొరమా?" అంటూ లోపలికి వచ్చేసి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. తర్వాత పళ్ళెం చూసింది. "ఒక్క మనిషివి, ఇంతెందుకు చేశావు?"

"మీ అందరికీ అండి. చీటీలు పంపాను కదా."

ఆవిడ నోరు తెరిచి నావైపు చూసింది. "ఆ కాయితం నువ్వు పంపిందా?"

వాళ్ళకు పొలం గట్టు తగాదా ఒకటి గురజాల కోర్టులో నడుస్తోందట. చీటీ తెచ్చిన కుర్రాడు చేతిలో పెట్టి పరుగెత్తాడు. కూతురు కూడబలుక్కుంటూ "హాజరు కావలసినదిగా" అని చదవగానే, ఆవిడ భర్త మిగిలింది వినకుండానే దుర్గి బస్సెక్కాడు, వాళ్ళన్నను సలహా అడగటానికి.

"మరి మిగతావాళ్ళు?" అన్నాను.

"మాకు సమను వచ్చిందని తెలిసి, ఎవురి కాయితం వాళ్ళు పొయ్యిలో పెట్టారు."

ఆవిడకు నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. నేలమీద చతికిలబడి ఒక ముక్క నోట్లో వేసుకుంది. "ఉప్పు మర్చిపోయావు. అయినా చానా బాగుంది" అంటూ ఇంకో రెండు తీసుకుంది.

తర్వాత నిలదీసింది. "వచ్చి మూణ్ణెల్లాయె. మాయింటికొచ్చి ఒక్కనాడు నిప్పడిగావా? పాలకి తోడడిగావా? మా ఇంటి వస్తువు పనికిరాదా నీకు? అడగని మనిషితో మేమేం మాట్టాడాల?"

అడగకపోవడం మర్యాద అని చెప్పబోయి ఊరుకున్నాను. మర్నాడు చర్చి నుంచి రాగానే గిన్నె పట్టుకుని వాళ్ళ వాకిట్లో నిలబడి, కంఠస్థం చేసుకున్న మాట అప్పజెప్పాను. "అక్కా, కొంచెం తోడు కావాల."

"ఇస్తా. పాలు కాచావా?"

పాలు! పాలు కొననే లేదు. గిన్నె నిండా గాలే. ఆ సంగతి చెప్పగానే ఆవిడ నడుం పట్టుకుని అరుగు మీద కూలబడి, ఎదురింటి వాళ్ళను కూడా కేకేసింది. "ఇటు రండే! రంగం పంతులమ్మ పాలు లేకుండా తోడుకొచ్చింది!" వీధిలో సగం మంది వచ్చి నా ఖాళీ గిన్నెను చూసి వెళ్ళారు. అంత ఘనంగా చేసిన టీకి రాని జనం, ఏమీ లేని గిన్నెకు వచ్చారు. ఆ పొద్దు ఒకరు పాలు పోశారు, ఒకరు నిప్పులిచ్చారు, ఇంకొకరు గోంగూర పచ్చడి పెట్టి, నేను కారానికి గంతులేస్తుంటే పక్కనే కూర్చుని చూశారు.

ఆ తర్వాత వచ్చిన సంత రోజున అక్క నన్ను చెప్పుల కొట్టుకు తీసుకెళ్ళింది. బర్మా నుంచి తెచ్చుకున్న ముఖమల్ చెప్పులు ఇక్కడి రాళ్ళకు చిరిగిపోయి ఉన్నాయి. కొట్టతను నన్ను ఎగాదిగా చూసి "ఎవురీమె?" అన్నాడు. అక్క నా భుజం మీద చెయ్యేసి చెప్పింది.

"మా మనిషే. చదువు చానా ఉంది గానీ ఏమీ తెలవదు. మోసం చెయ్యమాక."

ఏ బడిలోనూ ఏ పెద్దమనిషీ నన్ను అంత గొప్పగా పరిచయం చేయలేదనిపించింది. తలెత్తుకుని, కొత్త చెప్పుల్లో కాలు పెట్టి చూసుకున్నాను. కుడిది ఎడమ కాలికి తొడుక్కున్నానని అక్కే చెప్పింది.