మోకాలు మిగిలిన బాప్తిస్మం

పాత సున్నపు కట్టడాల మరమ్మతు నా వృత్తి. బొబ్బిలి దగ్గరి ఒక పల్లె నుంచి బాప్తిస్టు పాస్టరుగారు ఫోను చేసి, "తొట్టిలో నీళ్లు నిలవటం లేదండి. ఆదివారం ఒక ముసలమ్మకి బాప్తిస్మం ఉన్నాది. ఓసారి వచ్చి సూస్తారా?" అని అడిగారు. పక్కపక్కనే ఉన్న రెండు పాత మిషను చర్చిలనూ చూడవచ్చన్న ఆశతో ఆ ఆదివారమే బయలుదేరాను. అటు వెళ్లదలచినవారికి పనికొస్తుందని ఆ రోజు సంగతులు రాస్తున్నాను.

విశాఖపట్నంలో పొద్దున్నే రైలెక్కితే ఎండ ముదరకముందే బొబ్బిలిలో దిగవచ్చు. స్టేషను బయట షేరు ఆటోలో ఆ పల్లెకు మనిషికి ముప్పై రూపాయలు. చర్చికి వెళ్లాలనగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఏ సర్చికండీ? ములుగుడు సర్చికా, సిలకరింపు సర్చికా?" అన్నాడు. తేడా ఏమిటని అడిగాను. "బాప్తిస్టోలు మనిషిని నిండా ముంచుతారు. పక్కన లూథరనోలు నెత్తి మీద నాలుగు సుక్కలు జల్లుతారు. ఇసిత్రం ఏటంటే, బోరు నాలుగు సుక్కలోల కాడ ఉన్నాది!"

అతను చెప్పినది నిజమే. రెండు చర్చిల మధ్య నడుమెత్తు గోడ ఉంది. బాప్తిస్టుల బావి ఎండిపోయిన నాటి నుంచి, వారికి బాప్తిస్మం ఉన్నప్పుడల్లా లూథరన్ల బోధకుడైన అయ్యగారు మోటారు వేసి గొట్టాన్ని గోడ మీదుగా అందిస్తున్నారు.

తొట్టి గట్టు మీద ఆ ముసలమ్మ, నీలమ్మగారు, తెల్లచీరతో సిద్ధంగా కూర్చుని ఉన్నారు. ఏళ్లుగా ఆరాధనకు వస్తున్నా, నీటి భయంతో బాప్తిస్మం వాయిదా వేస్తూ వచ్చారట. బాప్తిస్మం పొందనివారికి అక్కడ ప్రభురాత్రి భోజనపు రొట్టె ఇవ్వరు. రొట్టె పళ్లెం తన ముందుకు వచ్చినప్పుడల్లా పక్కవారికి అందించడమే ఆమె పని. "అందించి అందించి సేతులు అరిగిపోనాయి బాబూ. దైర్నం వచ్చీసరికి తొట్టి కారతన్నాది. ఏటికెల్దామంటే ఈ కుడి మోకాలు సాగదు, గట్టు దిగలేను. సాయంత్రం రొట్టి ఇస్తారు. నాకో ముక్క కావాల" అన్నారు.

తొట్టి మూలన పగులు కనిపించింది. నీరు ఎటు పోతోందో తెలియడానికి అందులో ఒక చెంబు పసుపునీళ్లు పోసి వేచి ఉన్నాను. కొంతసేపటికి గోడ అవతల, అయ్యగారి వంకాయ మడిలో పచ్చటి నీరు ఊరింది.

అయ్యగారు వంగి చూసి, "మా వంకాయలు ప్రార్థనకి కాస్తన్నాయనుకున్నాం" అన్నారు.

"మా నీళ్లకండీ" అన్నారు పాస్టరుగారు.

"నీళ్లు మావే గదండీ!"

సున్నం గట్టిపడడానికి రోజులు పడతాయి. అందుకని పాతగుడ్డలో బంకమట్టి పెట్టి పగులును బిగించాను. అయినా కొంత కారుతూనే ఉండడంతో, మోటారు ఎంత తోడినా నీరు మోకాలెత్తు దాటలేదు. పాస్టరుగారు నీలమ్మగారిని నీళ్లలో కూర్చోబెట్టి, మెల్లగా వెనక్కి వాల్చి ముంచారు. జనం పాట అందుకున్నారు.

"ఆగండి! మోకాలు మిగిలిపోనాది!" అని గోడ మీద నుంచి అయ్యగారు కేక వేశారు.

చాచలేని కుడి మోకాలు నిజంగానే నీటి పైన పొడిగా ఉంది. "దేవుడు సర్దుకుంటాడు లెండి" అన్నారు పాస్టరుగారు.

"దేవుడు సర్దుకుంటాడు. మీ సంఘం పెద్దలు సర్దుకుంటారా? రేపు నన్ను అడిగితే అబద్ధం సెప్పలేను" అంటూ అయ్యగారు చెంబుతో ఇవతలికి వచ్చారు.

"సెంబు మీ పద్ధతండీ! వద్దు."

అయ్యగారు చెంబు కింద పెట్టి, చెప్పులు విడిచి, తెల్లబట్టలతోనే తొట్టిలోకి దిగారు. పాస్టరుగారు ఆమెను మళ్లీ వాలుస్తుండగా, అయ్యగారు ఆ మోకాలిని పక్కకు ఒరిగించి మెల్లగా నీటిలోకి తీసుకెళ్లారు. మోకాలు మునిగింది. అదే క్షణంలో నాచు మీద కాలు జారి అయ్యగారు కూడా నిండా మునిగారు.

నీలమ్మగారు ముందుగా తేలి, ముఖం తుడుచుకుని, "అయ్యగారికీ అయిపోనాది!" అన్నారు.

"నాకు సిన్నప్పుడే అయినాదమ్మా. ఇది లెక్కలోకి రాదు" అన్నారు అయ్యగారు, నీళ్లు ఉమ్మి.

పాస్టరుగారు గంభీరంగా, "మేమూ పుస్తకంలో రాసుకోమండీ" అన్నారు.

సాయంత్రం ఆరాధనకు అయ్యగారు పాస్టరుగారి పొట్టి చొక్కా తొడుక్కుని వచ్చి వెనకబెంచీలో కూర్చున్నారు. రొట్టె పళ్లెం నీలమ్మగారి దగ్గరకు వచ్చింది. ఆమె అలవాటు ప్రకారం పక్కామెకు అందించేశారు. ఆ వెంటనే ఉలిక్కిపడి, "ఒసే, ఇటియ్యే! నేనింకా తీసుకోలేదు!" అని చర్చి అంతా వినిపించేలా లాక్కున్నారు. పాస్టరుగారు ప్రార్థన ఆపి, ఆమె నమలడం పూర్తయ్యే దాకా నిలబడ్డారు.

ఆ రెండు సంఘాల సిద్ధాంతాల్లో ఆనాడు ఏ తేడా తగ్గలేదు. నాలుగు చుక్కలు చాలునని అయ్యగారు ఇప్పటికీ నమ్ముతారు. అయినా ముంచడం పూర్తికాలేదని గమనించినది ఆయనే. నేను తర్వాతి వారం వెళ్లి పగులు పూడ్చాను. తొట్టి ఖాళీ చేసినప్పుడు నీరు వంకాయ మడికి వెళ్లేలా గోడ కింద చిన్న తూము పెట్టమని ఇద్దరూ కలిసే అడిగారు. మీరు ఆదివారం వెళ్లేటట్లయితే ఒక జత బట్టలు అదనంగా పెట్టుకోండి. తొట్టి దగ్గర ఎవరు ఎప్పుడు దిగవలసి వస్తుందో చెప్పలేం.