బీరువాలో దాచిన ప్లగ్గులు

బండితో పాటు ఇచ్చే పుస్తకాన్ని ఎవరూ చదవరు. నేను చదివాను, మొదటి పేజీ నుంచి చివరి దాకా. బండి నా పేరు మీద ఉంది, నడిపేది నేను, నడిరోడ్డు మీద ఆగితే వెనక వాళ్ల హారన్లు, తిట్లు నాకే. ఇక నేను కాక ఎవరు చదువుతారు?

లింగంపల్లిలో మా వంటిల్లు. నేను, ఇంకొకావిడ కలిసి వండి, రోజూ మధ్యాహ్నం ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు భోజనం చేరుస్తాం. ఆవిడది గోపన్‌పల్లి. వాళ్ల ఇల్లు ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి, ఆవిడ మాత్రం కిరాయి ఇంటికి మారింది. నాకైతే మావారి సర్కారు ఉద్యోగం ఉంది, ఆవిడకు ఈ వంట తప్ప మరో ఆధారం లేదు. నేను గోదావరి వైపు దాన్ని. నా పప్పులో కారం లేదని ఆవిడ, ఆవిడ చారు నోట్లో పెట్టలేనని నేను, రోజూ పోట్లాడుకుంటూనే వండేవాళ్లం.

మాది చిన్న ట్రాలీ బండి. గ్యాస్ మీద నడుస్తుంది, ఆపద్ధర్మానికి పెట్రోలు కూడా కాస్త పడుతుంది. వేసవి వెళ్లేసరికి దానికి దగ్గు పట్టుకుంది. స్టార్ట్ అయ్యాక ఇంటి ముందు బుద్ధిగానే ఉండేది. గిన్నెలన్నీ ఎక్కించి గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కితే చాలు, కుదుపులు మొదలు. పక్కన కూర్చున్న ఆవిడ గట్టిగా సీటు పట్టుకుని ఎల్లమ్మతల్లిని తలచుకునేది. ఒకరోజు ఆ ఎక్కుడులోనే బండి మొరాయించింది, భోజనం ఆలస్యమైంది. ఆఫీసు మేనేజరు మర్యాదగానే చెప్పాడు. "ఇంకొక్కసారి లేటయితే వేరేవాళ్లని చూసుకుంటామండి, ఏమీ అనుకోకండి."

తిరిగి వస్తుంటే ఆవిడ అంది, "అక్కా, గిది పోతే నాకు ఇంకోటి లేదు. జర బండి సంగతి సూడు."

మావారు కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పేశారు. "పెట్రోలు మీద బాగానే పోతోందిగా. గ్యాస్ కిట్టులోనే ఉంది తిరకాసు." వీధిలో బండి ఉన్న ప్రతివాడూ అదే మాట అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పెట్రోలు త్వరగా అంటుకుంటుంది, నీరసమైన నిప్పురవ్వ కూడా దానికి చాలు. గ్యాస్‌కి గట్టి రవ్వ కావాలి. ఆ రవ్వ పుట్టించేది ఇంజనులోని స్పార్క్ ప్లగ్గు. దాని ముక్కు అరిగి సందు పెరిగిందంటే రవ్వ ఆ దూరం దూకలేదు. బరువేసుకుని ఎక్కుడు ఎక్కేటప్పుడే అది బయటపడుతుంది. అందుకే గ్యాస్ మీద నడిచే బండికి ప్లగ్గులు ఇంకాస్త ముందే మార్చమని పుస్తకంలో రాశారు. బండి ఆగేదాకా చూద్దాం అనుకునేవాళ్లు చూస్తూనే ఉంటారు. పొద్దున రెండోసారి తాళం తిప్పితే గానీ స్టార్ట్ కాకపోవడం, గ్యాస్ ఎక్కువ తాగడం, ఎక్కుడులో దగ్గడం, మా బండికి ఈ మూడు గుర్తులూ ఉన్నాయి.

శనివారం కొత్త ప్లగ్గులు కొన్నాను. ఆ రోజు పెద్ద ఆర్డరు ఉండి పొయ్యి దగ్గర నుంచి కదల్లేకపోయాను. మావారి చేతిలో పెట్టి, మెకానిక్ దగ్గర వేయించుకు రమ్మన్నాను. సాయంత్రం బండి తెచ్చి, "అయిపోయిందే" అన్నారు. నిశ్చింతగా పడుకున్నాను.

సోమవారం ఫ్లైఓవర్ మీద సగం దూరం ఎక్కామో లేదో, మళ్లీ అదే దగ్గు.

"ఏందక్కా ఇది? కొత్తయి ఏసినమంటివి గదా!" ఆవిడ వెనక గిన్నెల వైపు తిరిగి చూసింది.

వెంటనే పెట్రోలుకు మార్చాను. పెట్రోలు ముల్లు అడుగున పడుకుని ఉంది. దేవుడా అనుకుంటూ ఎలాగో దాటించి, ఒక పక్కకు ఆపి మావారికి ఫోన్ చేశాను. కొత్త ప్లగ్గులుంటే బండి ఇలా దగ్గదు. కాబట్టి లోపల ఉన్నవి కొత్తవి కావు. ఇందులో నాకు పిసరంత అనుమానం లేదు.

"ఏమండీ, ఆ ప్లగ్గులు ఎక్కడున్నాయి?"

"పాతవి ఇంకా గట్టిగానే ఉన్నాయే. ఎమరీ పేపరుతో రుద్దించి మళ్లీ వాటినే పెట్టించాను. కొత్తవి భద్రంగా బీరువాలో ఉన్నాయి."

ఓరి భగవంతుడా! మా ఇంట్లో కొత్త గ్లాసులు అద్దాల అలమరలో ఉంటాయి, నీళ్లు తాగేది సొట్టల గ్లాసుల్లో. కొత్త దుప్పటి చుట్టాలకు, చిరిగింది మాకు. ఆ లెక్కలోనే ప్లగ్గులూ బీరువా ఎక్కాయి.

ఆఫీసుకు ఆఖరి నిమిషంలో చేరాం. మేనేజరు గడియారం చూసుకుని లోపలికి పోయాడు. ఆవిడ వడ్డిస్తుంటే అన్నం సగం ప్లేటు బయటే పడింది.

సాయంత్రం బీరువా తెరిచాను. నా పట్టుచీరల మీద, ప్లగ్గుల డబ్బాలు. ఒక్కోదానికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి మరీ దాచారు! నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది.

"నీ పట్టుచీరలు మాత్రం? అవీ దాచినవేగా" అన్నారు మావారు.

"చీర కట్టకపోతే ఎవరి పొయ్యీ ఆరిపోదండీ. ఇవి వేయకపోతే ఆవిడ పొయ్యి ఆరిపోతుంది. మధ్యాహ్నం ఆవిడ వడ్డించడం చూసుంటే ఈ మాట అనరు."

ఆయన టార్చిలైటు తెచ్చి పట్టుకున్నారు. ఇంజను చల్లారాక పానా పెట్టి పాతవి ఊడదీశాను. వాటి ముక్కులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. కొత్తవాటిని ముందు వేళ్లతోనే తిప్పి, మరలు సరిగ్గా కూర్చున్నాక పానాతో బిగించాను. పాతవాటి కోసం ఆయన చెయ్యి చాచారు, అలవాటు కొద్దీ. ఆయన చూస్తుండగానే చెత్తబుట్టలో వేశాను.

మర్నాడు గ్యాస్ మీదే ఫ్లైఓవర్ ఎక్కాం. ఆవిడ ముందే సీటు అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతోంది. నేను గేరు మార్చాను. బండి కుదుపు లేకుండా పైకి పోతోంది. సగం దాటాక ఒక కన్ను తెరిచింది. పైకి చేరేసరికి సీటు వదిలేసి, కొంగుతో మొహం తుడుచుకుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"అక్కా," అంది, "రేపు ఏం కూర ఒండుదం?"