జట్కా తాత చెప్పిన ఇంగ్లీషు

చదువు పూర్తయిన కొత్తలో, ఆ రోజుల్లో, లోకమంతా నా కోసమే కాచుక్కూర్చుందని గట్టిగా నమ్మేదాన్ని. ఇరవై మూడేళ్ళకే విజయనగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు మేడమ్‌నైపోయాను మరి. చేరిన రోజున ప్రిన్సిపాల్ గారు పదో తరగతి నుంచి బీఎడ్ దాకా నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని, సరిచూసి ఇచ్చేస్తామన్నారు. ఆ సరిచూడటం రెండేళ్ళు సాగింది (మా కాలేజీలో కాగితాలు ఇనప బీరువాలోకి వెళ్ళడమే గానీ బయటికొచ్చిన దాఖలా లేదు). ఏడాది మధ్యలో లెక్చరర్లు వదిలిపోకుండా అదొక పద్ధతి. అందుకే ఆయన్ని మేమంతా చాటుగా బీరువా సార్ అనేవాళ్ళం.

అలాంటప్పుడు నాకు ప్రభుత్వ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున్న శ్రీకాకుళంలో ఒరిజినల్స్ చూపించాలి, చూపించకపోతే ఆ ఉద్యోగం నా వెనకవాళ్ళకి పోతుంది. బీరువా సార్‌ని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఆయన తల ఎత్తకుండానే, పరీక్షలయ్యాక చూద్దామమ్మా, కరస్పాండెంట్ గారి ఆర్డరు అన్నారు. కరస్పాండెంట్ అంటే కాలేజీ యజమాని. నేనాయన్ని ఫ్లెక్సీల మీద తప్ప చూడలేదు.

సరిగ్గా ఆ వారమే క్లాసులో జాతీయాల పాఠం. అందులో ‘కిక్ ఓవర్ ది ట్రేసెస్’ అని ఒకటుంది. కట్టుబాట్లు తెంచుకుని బయటపడటం అని అర్థం చెప్పాను. అప్పుడు నా కడుపులో ఉన్న మంటకి మాటలు చాలక, గాల్లోకి ఒక తన్ను కూడా తన్ని చూపించాను. చెప్పు ఊడి మొదటి బెంచీ మీద పడింది. చప్పట్లు ఆగాక ఒకమ్మాయి లేచి, “ట్రేసెస్ అంటే ఏటి మేడమ్?” అంది. పాతకాలపు సంకెళ్ళు అని తడుముకోకుండా చెప్పేశాను (తెలియదని ఒప్పుకునే వయసా అది).

సాయంత్రం గజపతినగరం బస్సులో కూర్చుని ఫోన్లో వెతికితే అసలు సంగతి బయటపడింది. ట్రేసెస్ అంటే గుర్రాన్ని బండికి కలిపే తోలు పట్టీలట. గుర్రం ఎగిరి తన్ని ఆ పట్టీ మీంచి కాలు అవతల వేసిందంటే ఇక తోలేవాడి చేతికి చిక్కదు. అక్కణ్ణుంచి ఆ మాట, పెద్దల అదుపు దాటిన మనుషులకి పాకిందట. ఇంటికెళ్ళి ఇదంతా మా తాతకి, అంటే అమ్మ వాళ్ళ నాన్నకి, గొప్పగా వినిపించాను. ఆయన వయసులో ఉండగా విజయనగరం స్టేషన్ దగ్గర జట్కా తోలినవాడు. అంతా విని నవ్వాడు.

“కాలు అవతల పడితే గుర్రం వొదిలిపోనాదనుకున్నావేటే? సిక్కడిపోనాది. ఎంత తన్నితే అంత బిగుసుకుంటాది. అప్పుడు ఎవుడో ఒకడు దిగి, మెడ మీద సెయ్యేసి, పట్టీ ఇప్పాల.”

“మరి విప్పేవాడికి తన్ను తగలదా తాతా?”

“తగుల్తాది. తగిలినా ఇప్పాల.”

ఆ ముసలాయనకేం తెలుసు ఇంగ్లీషు అనుకున్నాను. శనివారానికి ఒక ప్రసంగం రాసి, అద్దం ముందు కంఠతా పట్టి, అమ్మ పట్టుచీర కట్టుకుని మరీ కాలేజీకి వెళ్ళాను. ప్రిన్సిపాల్ గదిలో ఆయన బీరువా వైపు తిరిగి నిలబడి ఉన్నారు. నేను మొదలుపెట్టేశాను. రెండో వాక్యంలో ఉండగా ఆయన ఇటు తిరిగి నా సర్టిఫికెట్ల ఫైలు బల్ల మీద పెట్టారు. “తీసుకో అమ్మా” అన్నారు. చూశాను, విన్నాను కూడా. కానీ కంఠతా పట్టింది కదా, ఆగలేదు. మీరు గురువులు కాదు, జైలర్లు అన్నాను. మా చదువుల్ని ఇనప పెట్టెలో పాతిపెట్టారన్నాను. చివరి మాట దాకా అన్నాను. ఆయన కూర్చోకుండా మొత్తం విన్నారు.

“నావి కరస్పాండెంట్ గారింట్లో ఉన్నాయమ్మా, పదకొండేళ్ళనుంచి. నాకూ ఒకసారి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. సరేలే, ఆయనొచ్చే టైమైంది, నువ్వు బయల్దేరు” అన్నారు.

ఫైలు గుండెలకి హత్తుకుని బయటపడ్డాను. సోమవారం ఒరిజినల్స్ చూపించాను, ఉద్యోగం ఖాయమైంది. నెల తిరక్కుండానే బీరువా సార్‌ని తీసేశారని, పాతపట్నం వెళ్ళిపోయి పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటున్నారని తర్వాత తెలిసింది. ఆయన కాగితాలు ఆయనకి తిరిగిచ్చారో లేదో చెప్పినవాళ్ళకి తెలియదు.

ఆ పట్టుచీర అమ్మాయి గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎవరూ అడ్డం లేని గుమ్మంలో నిలబడి ఎంత వీరంగం వేసింది, పాపం. ఆ ప్రసంగం ఈ రోజుకీ నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. అందులో గానీ, దాని తర్వాత గానీ, ఆయనకి థాంక్స్ చెప్పినట్టు మాత్రం ఎంత వెతుక్కున్నా గుర్తు రావడం లేదు.