అత్తగారి అంగుస్తానా

దుకాణాలకు నిలువెత్తు అక్షరాలు రాసి పేరు తెచ్చుకున్న బోర్డుల బాబాయికి, పెద్దతనంలో అరచేయంత బొమ్మల మీద మనసు పడింది. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఉల్లిపాయో తాళంచెవో ముందు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వేస్తాడు. అన్నీ కుదిరాయి గానీ, భార్య ప్రాణంగా చూసుకునే వాళ్ళమ్మ అంగుస్తానా మాత్రం కొరకరాని కొయ్య అయింది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఆ ఇత్తడి తొడుగును ఎన్నిసార్లు వేసినా, ఆవిడ కుట్టుమిషను మీంచి తలెత్తి ఒకటే మాట అనేది: "బాగానే ఉంది. కానీ మా అమ్మది కాదు."

"నీ కళ్ళకి దండం పెట్టాలే!" అని ఆయన మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఒకనాడు దాన్ని బల్ల మీద పెట్టమనకుండా, ఆవిడ వేలికే ఉండనిచ్చి, గుండీలు కుడుతుంటే పక్కనే పీట వేసుకుని చూశాడు. సూదిని తోసినప్పుడల్లా ఒకవైపు అరిగిన చోటే వెలుగు తళుక్కుమంటోంది. ఆ అరుగుదలనే వేశాడు.

ఆవిడ బొమ్మను చేతిలోకి తీసుకుని, వేలి తొడుగు పక్కన పెట్టి చూసుకుంది.

"అమ్మదే," అంది. "ఇదుగో, కుట్టి కుట్టి ఇక్కడే అరగదీసింది. నా మిషను ఎదురుగా మేకు కొట్టండి."

బాబాయి సుత్తి పట్టుకుని స్టూలెక్కాడు. ఆ చప్పుడుకి వీధిలోవాళ్ళు తొంగి చూస్తే, ఛాతీ విరుచుకుని కేకేశాడు:

"రండి, రండి! మా అత్తగారొచ్చారు!"